నీలి కప్పు మీద ఎండ

మొదట నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. తుర్తుక్ అనే ఊరు లదాఖ్‌లో, నుబ్రా లోయ దాటి, ష్యోక్ నది మన అధీనంలోని నేలను విడిచి వెళ్లే చోటికి కాస్త ఇవతల ఉంది. 1971 యుద్ధానికి ముందు అది పాకిస్తాన్ అధీనంలో ఉండేది; యుద్ధంలో మన వైపుకు వచ్చింది. అక్కడ ఆగస్టులో ఆప్రికాట్లు పండుతాయి, తిని చూశాను. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సామ్రాజ్యమూ రష్యా సామ్రాజ్యమూ ఈ పర్వతాల వెనుక ఒకదానినొకటి అనుమానించుకుంటూ సరిహద్దులు గీసుకున్నాయన్నదీ నిశ్చయమే. ఆ పటాలు, ఒప్పందాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక విన్నవి. ఖార్దుంగ్ లా కనుమ మీది రోడ్డు ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని విన్నాను. లేహ్‌లో మేము దిగిన గదిలోనే ఒకప్పుడు రష్యా గూఢచారి పడుకున్నాడని విన్నాను. హుండర్ ఇసుకలోని రెండు మూపురాల ఒంటెలు ప్రాచీన వర్తక బిడారుల వారసులని విన్నాను. ఆప్రికాట్ గింజల నూనె రాస్తే మోకాలి నొప్పి పోతుందని కూడా విన్నాను. ఈ చివరిది తన విషయంలో రుజువైందని నా భార్య అంటుంది. ఒక్క మోకాలు నమూనాగా చాలదని నేనంటాను.

నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. పుదుచ్చేరిలో మేట్టుపాళయం పారిశ్రామికవాడలో, కొలత పరికరాలు సరిగా చూపుతున్నాయో లేదో పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసి విరమించాను. ఒక థర్మామీటరు చెప్పిన మాటను మరో థర్మామీటరుతో సరిచూడనిదే నమ్మకూడని ఉద్యోగం అది. ఉద్యోగం ముగిసినా ఆ గుణం మిగిలింది. నాతో వచ్చినది నా భార్య సుందరవల్లి. తపాలా శాఖలో ఉన్నప్పుడు హిందీ పరీక్షలన్నీ వరసగా పాసై, ముత్తియాల్‌పేటలో ఒక్కసారి కూడా హిందీ మాట్లాడే అవసరం రాకుండానే పదవీ విరమణ చేసింది. ఆమెది పూర్తిగా ఆఫీసు హిందీ. దస్త్రాన్ని పరిశీలనార్థం సమర్పించమని తడబడకుండా చెప్పగలదు. కూరలో ఉప్పు తగ్గించమని చెప్పడానికి మాత్రం ఢిల్లీ నుంచి లేహ్ దాకా ఆలోచించింది.

మా కుటుంబాల్లో తెలుగు మాట్లాడతారు, తమిళం చదువుతారు. తెలుగు లిపిని నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను, ఆమె నేర్చుకోలేదు. కనుక ఈ కథనాన్ని ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల అభ్యంతరం చెప్పింది. ఒకటి దిద్దాను.

లేహ్: ఉడకని పప్పు

ఎత్తైన చోటికి విమానంలో వచ్చినవాళ్లు మొదట ఏ పనీ చేయకుండా పడి ఉండాలని అందరూ చెప్పారు. ఈ సలహాకు శాస్త్రీయమైన ఆధారం ఉంది కనుక పాటించాను. తలనొప్పి మాత్రం నాకు వచ్చింది, సుందరవల్లికి రాలేదు. దీనికి కారణం తన తలలో అనవసరమైన సందేహాలు లేకపోవడమేనని ఆమె అభిప్రాయం.

బస యజమాని మంచి మనిషి. మొదటి సాయంత్రమే వెన్న వేసిన ఉప్పు టీ తెచ్చి ఇచ్చి, రష్యా గూఢచారి సంగతి చెప్పాడు. ఈ కట్టడం ఎప్పటిదని అడిగాను.

"మా నాన్న కట్టించాడు సార్."

"మరి గూఢచారి వచ్చింది మీ తాతల నాటి మాట కదా?"

అతను కొంచెం ఆలోచించాడు. "అప్పుడు ఈ స్థలం ఖాళీగా ఉండేది సార్. ఖాళీ స్థలంలోనే పడుకున్నాడు."

గూఢచారి సంగతి ఎలా ఉన్నా, గూఢచర్యం మాత్రం కట్టుకథ కాదు. మధ్య ఆసియాలో ఒక్కొక్క రాజ్యాన్నీ కలుపుకుంటూ రష్యా దక్షిణానికి దిగుతోందని బ్రిటిష్ వాళ్లు భయపడ్డారు. లేహ్ నుంచి నుబ్రా మీదుగా యార్కండ్ వెళ్లే బిడారుల దారిలో ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో కనిపెట్టడానికి ఇక్కడ ఒక అధికారిని ఉంచారు. తెల్లవాడు అడుగు పెట్టలేని చోట్లకు, యాత్రికుల వేషంలోనూ వర్తకుల వేషంలోనూ మనవాళ్లను పంపారు. వాళ్లు జపమాల పూసలతో అడుగులు లెక్కపెట్టేవాళ్లు. టీ కాచుకుంటున్నట్టు నటిస్తూ నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూసి కొండల ఎత్తు తేల్చేవాళ్లు. చివరకు రెండు సామ్రాజ్యాలూ ఎక్కడా ఒకదానికొకటి తగలకుండా, నడుమ అఫ్ఘానిస్తాన్‌కు వఖాన్ అనే సన్నని పేలికలాంటి నేలను తగిలించి, తగాదాను చల్లార్చుకున్నాయి. ఆ పేలిక మీద కాపురముంటున్న పశువుల కాపరులను ఎవరూ అడిగినట్టు లేదు.

పుదుచ్చేరివాడికి ఇందులో వింత కనిపించకూడదు. ఫ్రెంచి వాళ్లూ ఇంగ్లీషు వాళ్లూ మా దగ్గర కూడా ఇదే పని చేశారు. కాకపోతే కొండలు లేకపోవడంతో వరిపొలాల్లో చేశారు. కొండల్లో సరిహద్దు గీసేవాళ్లకు నీళ్లు ఎటు పారితే నేల అటువాళ్లదనే సూత్రం ఒకటి ఉండేది. మా దగ్గర నీళ్లకే ఎటు పారాలో తెలియనంత చదును. అందుకే మా గీతలు వంకరటింకరగా ఉంటాయి.

ఆ రాత్రి భోజనంలో పప్పు పలుకు పలుకుగా ఉంది. సుందరవల్లి ఒక గింజను వేలితో నొక్కి చూసింది.

"ఏంది ఇది, రాయి మాదిరి ఉంది? వీళ్లకు కుక్కరు లేదా?"

ఇక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కనుక మూత బిగించకపోతే పప్పు ఉడకదని వివరించాను.

"సరి సరి. మీరు చెప్పేసినంత మాత్రాన ఇది మెత్తబడుతుందా?" అని పెరుగు కలుపుకుంది.

ఖార్దుంగ్ లా: నీళ్లు మరిగిన చోటు

మా కారు నడిపినవాడు నోర్బు, నలభై ఏళ్ల లదాఖీ. నన్ను అంకుల్‌జీ అనీ, సుందరవల్లిని మేడమ్‌జీ అనీ పిలిచేవాడు. నేను అడిగే ప్రశ్నలకు మొదటిరోజు ఓపికగా జవాబు చెప్పాడు. రెండో రోజు నుంచి ప్రశ్న వినగానే పాట పెట్టేవాడు.

కనుమ మీద పసుపు బోర్డు ముందు జనం ఫొటోల కోసం బారులు తీరారు. ఆ కనుమకు ఏళ్ల తరబడి ప్రచారంలో ఉన్న ఎత్తు కొలతలకు నిలవదని ఇంతకు ముందే పలువురు తేల్చారు. అయితే ఇతరులు తేల్చినదాన్ని సరిచూడకుండా నమ్మడం నా పద్ధతి కాదు. ఇంటి దగ్గర సముద్రమట్టంలో సరిచూసి తెచ్చుకున్న థర్మామీటరును తీసి, నోర్బు టీ కోసం కారులో ఉంచుకున్న చిన్న పొయ్యి మీద నీళ్లు పెట్టమన్నాను. గాలికి మంట నిలవలేదు. నోర్బు తన కోటు అడ్డం పట్టాడు. ఫొటోల బారులోంచి కొందరు మా వైపు వచ్చి నిలబడ్డారు. నీళ్లు మరిగాయి. పాదరసం ఎనభై రెండున్నర దగ్గర ఆగింది. ప్రచారంలో ఉన్న ఎత్తే నిజమైతే ఇంకో ముప్పాతిక డిగ్రీ దిగి ఉండాలి. ఆనాటి గాలి పీడనం వల్ల కొంత తేడా రావచ్చునని ఒప్పుకుంటూనే, అది అంత ఎత్తు లేదని అక్కడున్నవాళ్లకు ప్రకటించాను.

"తగ్గించకండి అంకుల్‌జీ," అన్నాడు నోర్బు నొచ్చుకుని. "ఎక్కింది నా కారు."

సుందరవల్లి గిన్నె వైపు చూసింది. "ఏమండి, మీ వేల అయిపోయిందా? టీపొడి వెయ్యనా?" వేల అంటే మా ఇళ్ల తెలుగులో పని.

ఆనాటి వేషధారులు నటించిన పనిని మేము నిజంగానే చేశాం. టీ పలచగా వచ్చింది. పక్క దుకాణంలో గ్లాసు ముప్పై రూపాయలన్న టీ కూడా పలచనే. కనుక నష్టం లేదు.

దిగుతున్నప్పుడే మా ఏకైక ప్రమాదం జరిగింది. గాలి పలచబడిన చోట మూసిన పొట్లాలు ఉబ్బుతాయని నాకు తెలుసు. సుందరవల్లి సంచిలో ఇంటి సాంబారు పొడి ఉందని తెలియదు. ఉబ్బి ఉన్న ఆ పొట్లం ఒక గుంత దగ్గర కారు ఎగిరిపడగానే పేలింది. లోయలోకి దిగేదాకా నోర్బు తుమ్ముతూనే ఉన్నాడు. ఆ తరవాత ఆ వాసన అతనికి నచ్చింది. సీటు గుడ్డ ఉతికించనని చెప్పాడు.

హుండర్: ఒంటెల వంశవృక్షం

నుబ్రా లోయలో బూడిదరంగు ఇసుకదిబ్బల నడుమ రెండు మూపురాల ఒంటెలు తిరుగుతాయి. బిడారుల వర్తకం ఆగిపోయినప్పుడు ఇక్కడ మిగిలిపోయిన జంతువుల సంతతి ఇవని చెబుతారు. ఇది నమ్మదగిన మాటే. ఆ జాతి ఒంటెలు ఆ దారిన నడిచాయన్నది నిజం. కాని ఒంటె కాపరి అంతటితో ఆగలేదు. తన ఒంటె ముత్తవ్వ చైనా పట్టు మోసిందన్నాడు. ఎలా తెలుసునని అడిగాను.

"దాని నడక చూడండి సాబ్. సామాను మోసే ఒంటె ఇలా నడుస్తుందా?"

సుందరవల్లి నావైపు చూసి, "ఇంక దానికి కూడా థర్మామీటరు పెడతారా?" అంది. నోర్బుకు తెలుగు రాదు. అయినా నవ్వాడు.

తుర్తుక్: రెండు చేతుల పని

నుబ్రా దాటాక లోయ ఇరుకైపోతుంది. కొండలు చెట్టు చేమా లేకుండా నిలువునా లేచి ఉంటాయి. మలుపు తిరగగానే తుర్తుక్ పచ్చగా ఎదురవుతుంది: ఆప్రికాట్, వాల్‌నట్ చెట్లు, గులాబి రంగు పూతతో బక్‌వీట్ అనే ధాన్యం మడులు, ఇళ్ల నడుమ గలగలమనే కాలువలు. ఇక్కడివాళ్లు బాల్టీలు, ముస్లింలు. వాళ్ల భాష లదాఖీకి దగ్గర చుట్టం.

మేము హసన్ ఇంట్లో దిగాం. అతనికి యాభై దాటి ఉంటుంది. తల్లి ఫాతిమాను ఊరంతా ఆపీ అంటుంది. బాల్టీలో అవ్వ అని అర్థం. బక్‌వీట్ అట్లు, వాల్‌నట్ పచ్చడి పెట్టారు. అట్టు మా రాగి దోసెకు దాయాది అనిపించింది. సుందరవల్లి మిగిలిన సాంబారు పొడిని పచ్చడిలో చిటికెడు కలిపింది. ఆపీ రుచి చూసి, కళ్లు తుడుచుకుని, ఇంకో చిటికెడు అడిగింది.

మిద్దె మీద ఆప్రికాట్లు ఎండబెడుతున్నారు. ఇది ఇద్దరు కూర్చుని చేసే పని. ఒకరు పండును చీల్చి, గింజ తీసి, చెక్కలను వెల్లకిలా పరుస్తారు. రెండోవారు గింజను రాతితో కొట్టి లోపలి పప్పు తీస్తారు. ఆపీ సుందరవల్లిని పిలిచి చీల్చే పని అప్పగించి, తను రాయి పట్టుకుంది. ఆపీ బాల్టీలో మాట్లాడేది. హసన్ హిందీలో చెప్పేవాడు. సుందరవల్లి నాకు తెలుగులో అందించేది. ఒక మాట రెండు అనువాదాలు దాటి వస్తున్నది కనుక నేను ప్రతిదీ రెండుసార్లు అడిగాను.

"మీ ఊళ్లో కూడా గీత ఉందా?" అని ఆపీ అడిగింది.

"మా ఊరంతా గీతలే," అంది సుందరవల్లి. "మా ఇంటికాడ బస్సెక్కి కాలాపేట పోతే నడిమధ్య ఇంకో రాష్ట్రం వచ్చి పోతుంది."

"దాటనిస్తారా?"

"దాటి, మధ్యాన్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాం."

"కాపలావాళ్లు లేరా?"

"ఎందుకు లేరు? సీసాలు చూస్తారు." మద్యం ఒకవైపు చవక, మరోవైపు ప్రియమని సుందరవల్లి విడమరిచి చెప్పింది.

ఆపీ చేతిలోని రాయి ఆగిపోయింది. భుజాలు కదిలేలా నవ్వింది. "సీసాలను ఆపి మనుషులను వదిలేస్తారా! హసన్, వీళ్ల గీత గీసినవాళ్లెవరో కనుక్కో. మన దానికి వాళ్లను పిలుద్దాం."

తరవాత తన గీత సంగతి చెప్పింది. అక్క జైనబ్‌ను నది దిగువనున్న ఊరికి ఇచ్చారు. ఆపీ అప్పటికి చిన్నపిల్ల. ఆ తరవాత యుద్ధం వచ్చింది. తుర్తుక్ ఇటువైపుకు వచ్చింది. జైనబ్ ఊరు అటువైపే ఉండిపోయింది. ఊళ్లో కొందరు ఇప్పుడు ఫోన్లలో బంధువులను పలకరిస్తున్నారు. జైనబ్‌కు పిల్లలు లేరు, ఫోను పట్టుకునేవాళ్లు లేరు. కొన్నేళ్ల క్రితం మక్కా వెళ్లిన పొరుగింటాయనకు అక్కడ ఆ ఊరి మనిషి కలిశాడు. జైనబ్ బతికే ఉందనీ, ఎవరు ఎంత చెప్పినా భర్త కట్టిన పాత ఇల్లు వదిలి రానంటోందనీ చెప్పాడు. ఆపీకి అందిన చివరి కబురు అదే.

థాంగ్ అనే చివరి పల్లె దగ్గరి నుంచి ఆ ఊరు కనిపిస్తుంది. ఏటా తొలి బుట్ట ఆప్రికాట్లను ఆపీ అక్కడికి తీసుకుపోయి, అక్క ఇంటికి ఎదురుగా కూర్చుని చీలుస్తుంది. చిన్నప్పుడు అక్క చీల్చేది, తను గింజలు కొట్టేది. ఇప్పుడు రెండు పనులూ తనే చేస్తుంది. అక్క ఇల్లు నీలం రంగు రేకుల కప్పున్నదని హసన్ చాలా ఏళ్ల క్రితం చూపించాడు. అప్పటి నుంచి దానికే సలాం చేస్తోంది.

"నిజంగా అదేనా అని అడిగితే అందరూ అవునంటారు," అంది ఆపీ. "ముసలిదాన్ని కదా, అవుననడం తేలిక. ఈ పెద్దాయన కనుమ మీద అందరి ముందు బోర్డుతో కొట్లాడాడని మీ డ్రైవరు చెప్పాడు. నాకు అలాంటి మనిషి కావాలి. పెద్దాయనా, నువ్వు చూసి చెప్పు. నేను పోయేలోగా సరైన ఇంటిని చూడాలి."

మెట్లు దిగుతుంటే హసన్ నా మోచేయి పట్టుకున్నాడు. "అంకుల్, బోర్డు సరే, ఒంటె సరే. ఆ ఇంటిని మాత్రం వదిలేయండి. అది కాదని తేలితే అమ్మ ఇంక దేన్ని చూస్తుంది?"

ఇలా అడిగినవాళ్లు నా ఉద్యోగంలో లేకపోలేదు. యంత్రం అమ్ముకునేవాళ్లు అడిగేవాళ్లు. కాని వాళ్లెవరూ తల్లి కోసం అడగలేదు. గదిలోకి వచ్చి సుందరవల్లితో చెప్పాను.

"పావం హసన్," అంది ఆమె. "అయినా అడిగింది ఆ యమ్మ కదా. చెప్పాల్సింది ఆ యమ్మకే. కాకపోతే మీరు మీ మాదిరి చెప్పకండి. మెల్లగా చెప్పండి."

థాంగ్: ఎండ దిగిన వరస

వయసు మళ్లిన జ్ఞాపకంలో దేన్ని నమ్మవచ్చు? ఆ సాయంత్రం ఆపీని చాలా అడిగాను. గుమ్మం ముందు వాల్‌నట్ చెట్టు ఉండేదంది, చెట్టును కొట్టేయవచ్చు. గోడలు తెల్లగా ఉండేవంది. గోడకు మరో రంగు వేయవచ్చు. చివరకు పనికొచ్చేది ఒకటి దొరికింది. పెళ్లయిన చలికాలంలో అక్కకు తోడుగా ఆపీని కొన్నాళ్లు ఆ ఇంట్లో ఉంచారు. పొద్దున్నే ఇద్దరూ మిద్దె మీద చలి కాచుకునేవాళ్లు. ఎండ ముందు తమ మిద్దెకు వచ్చేది. కింద మసీదు ఇంకా నీడలోనే ఉండేది. "మసీదుకు చలి, మనకు వెచ్చన," అని అక్కాచెల్లెళ్లు నవ్వుకునేవాళ్లట. రెండుసార్లు కాదు, మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మసీదు నీడలోనే ఉంది.

కొండను ఎవరూ జరపలేరు. మసీదు పాత చోటనే ఉందని హసన్ చెప్పాడు. ఇక చేయవలసిందల్లా థాంగ్ దగ్గర తెల్లవారుజామున కూర్చుని, అవతలి ఊళ్లో ఎండ ఏ వరసలో దిగుతుందో చూడడమే.

మరునాడు హసన్ జీపులో ఆపీ, ఆమె తొలి బుట్ట, మేమిద్దరం వెళ్లాం. నోర్బు కూడా వచ్చాడు. ఫలితం తెలియకుండా పోనన్నాడు. అక్కడ కాపలా ఉన్న జవాను, ఫొటోలు తీయకూడదనీ, ఊరివాళ్లు పెట్టిన బైనాక్యులర్ తప్ప వేరే పరికరం వాడకూడదనీ హిందీలో హెచ్చరించాడు. సుందరవల్లి నా వైపు తిరిగి, "ఆ యమ్మను యాడ కూర్చోబెట్టేది?" అంది.

జవాను ముఖం విచ్చుకుంది. "ఏటండీ, తెలుగోళ్లా! చిత్తూరు వైపా?"

"పుదుచ్చేరి. మీది యాడ?"

"శ్రీకాకుళం దగ్గరండి. పుదుచ్చేరిలో తెలుగేటండీ?"

"మేము వచ్చి ఎన్నో తరాలు అయింది నాయనా. ఇంకా మాట్లాడతానే ఉండాము."

అతను తన కుర్చీ తెచ్చి ఆపీకి వేశాడు. ఆమె వద్దని, ఎప్పుడూ కూర్చునే బండ మీదే చాప పరుచుకుంది. ఎందుకు వచ్చామో విని అతను కూడా మా పక్కన నిలబడ్డాడు. పక్కవాడిని కేకేసి చెప్పాడు. ఇద్దరు భారత సైనికులు, ఒక బౌద్ధ డ్రైవరు, ఒక బాల్టీ కుటుంబం, మేమిద్దరం ఎదుటి దేశంలో పొద్దు పొడవడం కోసం కాచుకున్నాం.

నది ఇక్కడ ఎవరినీ అడగకుండా దాటిపోతుంది. అవతలి ఊరు వాలు మీద మెట్లు మెట్లుగా ఉంది: పొలాలు, పాప్లార్ చెట్లు, కింద మసీదు, దాని పక్కన కొద్దిగా పైన నీలి కప్పు ఇల్లు. అది ఎవరి కంటికైనా ముందు కనిపిస్తుంది. హసన్ దాన్నే ఎందుకు చూపించాడో నాకు అప్పుడు అర్థమైంది. ప్రయోగశాలల్లో కూడా ఇదే జరుగుతుంది. సులువుగా కనిపించినదే మనం వెతుకుతున్నదని అనుకుంటాం.

ఎండ ముందు శిఖరాల మీద పడింది. నెమ్మదిగా కిందికి జారింది. ఊరికి పైన, మట్టిరంగు వాలులో అంతవరకు రాళ్లనుకున్న రెండు ఆకారాలు వెలిగి ఇళ్లయ్యాయి. రెండూ దాదాపు ఒకేసారి వెలిగాయి. తరవాత పొలాలు, పాప్లార్ల కొనలు. తరవాత మసీదు. నీలి కప్పు ఇంకా చీకట్లోనే ఉంది. దానికి ఆగ్నేయంగా కొండ ఒక భుజంలా పొడుచుకొచ్చింది. ఆ నీడ కప్పు మీంచి కదలడం లేదు. ఆపీ బైనాక్యులర్ దించలేదు. హసన్ నేలవైపు చూస్తున్నాడు. మసీదు ముందు మనుషులు ఎండలో తిరగడం మొదలయ్యాక ఎప్పటికో నీలి కప్పు మెరిసింది.

సుందరవల్లి మెల్లగా చెప్పమన్నది గుర్తుంది. మెల్లగా చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. "అది కాదమ్మా," అన్నాను. "ఆ ఇంటికి ఎండ మసీదు తరవాత వస్తుంది. చలికాలంలో పొద్దు ఇంకా దక్షిణంగా, ఇంకా కిందుగా ఉంటుంది కనుక ఆ భుజం నీడ పెరుగుతుందే కాని తగ్గదు. మీ అక్క ఇల్లు అది కాదు. పైన ఉన్న ఆ రెండింటిలో ఒకటి కావచ్చు."

సుందరవల్లి హిందీలో చెప్పింది. హసన్ బాల్టీలో చెప్పడానికి కొంతసేపు పట్టింది.

ఆపీ బైనాక్యులర్‌ను నీలి కప్పు మీంచి పైకి, మట్టిరంగు ఇళ్ల మీదికి జరిపింది. చాలాసేపు అక్కడే ఉంచింది. తరవాత దాన్ని ఒళ్లో పెట్టుకుని హసన్ భుజం మీద తన శాలువా కొంగుతో ఒక్కటి వేసింది.

"ఇన్నేళ్లు నేనెవరికి సలాం చేశానురా? ఆ రేకుల ఇల్లు ఎవరిదో! ఎదురు కొండ మీది ముసలిది ఏటా నీకెందుకు మొక్కుతోందని ఆ మనిషి భార్య వాడిని ఇంట్లోంచి వెళ్లగొట్టి ఉంటుంది!"

ముందు నోర్బు నవ్వాడు. తరవాత శ్రీకాకుళం జవానుకు సుందరవల్లి తెలుగులో చెప్పగానే అతను తుపాకీ భుజాన సర్దుకుని మరీ నవ్వాడు. హసన్ నవ్వలేదు. "అమ్మా, తెలియక చూపించాను," అన్నాడు.

"నీకు రంగు కనిపిస్తే చాలు," అంది ఆపీ. "పెళ్లికూతురిని కూడా అలాగే ఎంచావు. అది మాత్రం బాగానే కుదిరింది."

ఆమె లేచింది. చాపను బండ మీద ఒక జానెడు తిప్పి, పైనున్న రెండు ఇళ్లకు ఎదురుగా పరిచి మళ్లీ కూర్చుంది. బుట్ట ముందుకు లాగి, సుందరవల్లిని పక్కకు రమ్మని నేల తట్టింది. సుందరవల్లి చీల్చింది, ఆపీ గింజలు కొట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. హసన్ జీపు దగ్గర ఉన్నాడు కనుక అనువదించేవాళ్లు లేరు. అయినా మాటలు ఆగలేదు. వాటిలో ఏం ఉందో నేను సరిచూడలేదు.

ముత్తియాల్‌పేట: తేలనిది

ఆ రెండింటిలో జైనబ్ ఇల్లు ఏది? ఇది నేను తేల్చలేకపోయిన ప్రశ్న. నా పద్ధతిలో లోపం ఉందని కాదు. మేము వెళ్లిన నెలలోనే ఉంది. ఆపీ జ్ఞాపకం నడి చలికాలానిది. ఆగస్టు ఎండ ఆ రెండు మిద్దెల మీదా ఒకేసారి, మసీదు కంటే ముందే పడుతుంది. జనవరిలో పొద్దు దక్షిణానికి దిగినప్పుడు అలా జరగదు; రెండిళ్లలో ఎడమది ఒక గుట్ట చాటుకు వస్తుందని నా అంచనా. అప్పుడు మసీదు కంటే ముందు వెలిగేది ఒక్కటే మిగలాలి. అది అంచనా మాత్రమే. కొండను దూరం నుంచి, ఒకే కోణంలో చూసి చెప్పినది.

ఏం చూడాలో ఆపీకి చెప్పి వచ్చాను. చెప్పిందంతా నాకే తిరిగి చెప్పింది, ఒక్క ముక్క తప్పలేదు. మంచు కురిసినా, రోడ్డు ఉంటే జీపులో, లేకపోతే కొడుకు వీపు మీద థాంగ్ వస్తానంది. హసన్ తన వీపు తడుముకున్నాడు. కప్పు రంగు చూడనని ఒట్టు పెట్టించుకున్నాకే అతన్ని వెంట తీసుకుపోతుందట.

ఇక్కడ ఈశాన్య రుతుపవనం మొదలైంది. రాస్తున్న గదిలో పగలే దీపం వేసుకున్నాను. సుందరవల్లి రోజూ హసన్‌కు ఫోను చేస్తోంది. దొరికిన రోజున తన హిందీలో ఆపీ ఆరోగ్యం కనుక్కుని, ఉన్ని మేజోళ్లు వేసుకోమని గుర్తు చేస్తోంది. ఇల్లు ఏదో తేలిందా అని మాత్రం ఆమె అడగదు, నేనూ అడగను. పొద్దు ఇంకా అంత దక్షిణానికి దిగలేదు.